దుప్పటి తీసేటప్పుడు ఇద్దరే

ఆయన ముఖం నేరుగా ఉన్న ఫొటో ఒక్కటి కూడా దొరకలేదు. శామీర్‌పేటలో నాది ఫ్లెక్సీలు కొట్టే దుకాణం. పుట్టినరోజులకు, పెళ్లిళ్లకు, లీడర్లకు, చావులకు అన్నిటికీ నేనే. పోయినవాళ్ల ఫొటో పంపమంటే ఇంటివాళ్లు ఏదో పెళ్లిలో దిగింది పంపుతారు. పక్కనున్న చుట్టాలను కోసేసి, వెనక మబ్బులు పెట్టి ఇస్తాను. ఆయన భార్య వాట్సాప్‌లో నాలుగు పంపింది. నాలుగింటిలోనూ ఆయన తల కిందికే ఉంది. ఒకదాంట్లో విప్పి పెట్టిన కంప్యూటర్ మీదికి వంగి ఉన్నాడు. ఒకదాంట్లో అన్నం పళ్లెంలోకి చూస్తున్నాడు. ఇంకొకటి అసలు వీపు. చివరిది ఎవరిదో పెళ్లిలోది. అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆయనొక్కడు, కాళ్ల దగ్గర ఫొటోగ్రాఫర్ లైటు నుంచి ఊడిపోయిన వైరు వైపు చూస్తున్నాడు.

ఆ చివరిదాన్నే తీసుకొని, పొద్దంతా కూర్చొని, తల కొంచెం ఎత్తినట్టు సరిచేశాను. కళ్లు మాత్రం కిందికే ఉండిపోయాయి. ఎదుటివాడి కళ్లలోకి చూసే అలవాటు బతికున్నప్పుడే లేని మనిషికి, పోయాక నేనెక్కణ్నుంచి తెచ్చి పెట్టేది?

మొదట ఆయన్ని చూసినప్పుడు నేను మేడ్చల్‌లో ట్రాలీ ఆటో నడిపేవాణ్ని. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశాను. బడి కూడా నన్ను పెద్దగా వెతకలేదు. రైల్వే స్టేషన్ వైపు తిరిగే సందులో, చికెన్ సెంటర్ మీది గది ఆయన దుకాణం. బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయి ‘కంప్యూ’ వరకే మిగిలాయి. కొత్తగా రాయించమంటే, వచ్చేటోళ్లకు తోవ ఎరుకే కదా అనేవాడు. విడి సామాన్లు తెప్పించి కంప్యూటర్లు జోడించి ఇవ్వడం ఆయన పని. పట్నం నుంచి ఆ సామాన్లు నా ట్రాలీలోనే వచ్చేవి. మెట్ల మీదికి నేనే మోసేవాణ్ని. నా నోరు ఊరికే ఉండదు కనుక, మోస్తున్నంతసేపూ ఏదో ఒక జోకు వేస్తుండేవాణ్ని. ఆయన నవ్వేవాడు కాదు. వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డవాడిలా, నా జోకు అయ్యేదాకా మర్యాదగా ఆగి, “ఇగ పైకి తే” అనేవాడు.

ఆ గదిలోకి చెప్పులతో రానిచ్చేవాడు కాదు. ఏ పెట్టె విప్పబోయినా ముందు చేతి గడియారం తీసి అంగీ జేబులో వేసుకొని, కిటికీ ఇనుప ఊచను ఒకసారి ముట్టుకునేవాడు. మొక్కుతున్నాడేమో అనుకొని, ఆ కిటికీలో ఏ దేవుడున్నాడు సార్ అని అడిగాను. ఒంట్లో పుట్టే కొంచెం కరెంటు ఊచలోకి పోతుందనీ, పోకపోతే వేలు తగలగానే లోపలి సామాను ఖరాబవుతుందనీ ఓపికగా చెప్పాడు. దుమ్ము నోటితో ఊదడు, దానికి సైకిలు పంపు ఉంది. సద్ది గదిలో తినడు, మెట్ల మీద కూర్చొని తింటాడు. ఒక్క మెతుకు లోపల పడ్డా చీమలొస్తాయని భయం.

కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్ అనే అగ్గిపెట్టెంత బిళ్ల. దాన్ని బోర్డు మీద కూర్చోబెట్టే నిమిషం మాత్రం గదిలో ఫ్యాను కూడా తిరగకూడదు. “ఊపిరి బిగవట్టున్రి” అనేవాడు. ఉన్నవాళ్లందరం బిగబట్టేవాళ్లం. బిళ్ల కూర్చున్నాక అందరం ఒకేసారి వదిలేవాళ్లం. నా జన్మలో నేను నోరు మూసుకొని ఉన్న నిమిషాలన్నీ కలిపితే సగం ఆ గదిలోవే అవుతాయి.

ప్రాసెసర్లు చేసేవి రెండు పెద్ద కంపెనీలు. ఆయన వాటి పేర్లు పలికేవాడు కాదు. ఎర్రపెట్టె, నీలంపెట్టె అనేవాడు, అంతే. ఒక ఏడు అది ముందుంటుంది, ఒక ఏడు ఇది ముందుంటుంది, వాటి కొట్లాట మనకెందుకు అనేవాడు. కొనడానికి వచ్చేవాళ్లు మాత్రం ఆ కొట్లాటను ఇంటి నుంచే మోసుకొచ్చేవారు.

ఏది మంచిదని అడిగితే ఆయన ఎన్నడూ జవాబు చెప్పలేదు. గదిలో రెండు బల్లలు ఉండేవి. రెండింటి మీదా ఒకే తీరు తెర, ఒకే తీరు కీబోర్డు, ఒకే తీరు మౌసు. డబ్బాలు రెండింటి మీదా కలిపి పూలపూల పాత దుప్పటి ఒకటి కప్పి ఉండేది. ఒక డబ్బాలో ఖరీదైన ప్రాసెసర్, రెండో దాంట్లో దాని సగం ధరది. ఎందులో ఏముందో ఆయనకే తెలుసు. “ఏం పని జేస్తవ్?” అని అడిగేవాడు. జవాబు విని, ఆ పనే రెండింటి మీదా కాసేపు కాసేపు చేయించేవాడు. ఆ తర్వాత ఏది నచ్చిందో వేలు పెట్టి చూపించమనేవాడు. అప్పుడు దుప్పటి తీసేవాడు.

జవహర్‌నగర్ వైపు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు బండ్ల మీద వచ్చేవారు. ఒకసారి ఇద్దరు స్నేహితులు మెట్లెక్కుతూనే కొట్లాడుకుంటున్నారు. ఆటలకు ఎర్రదే అని ఒకడు, నీలందే అని ఒకడు. ఆట ఆడుతుంటే తెర మూలన ఒక అంకె కనబడుతుంది, సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పేది. ఇద్దరికీ ఆ అంకే పంచాంగం. ఆయన ఒక డబ్బాలో ఎర్రది, ఇంకోదాంట్లో నీలంది పెట్టి, వాళ్లను చెరో బల్ల ముందు కూర్చోబెట్టి, రెండు తెరల మూలలకూ నల్లటేపు ముక్కలు అంటించాడు. అరగంట ఆడారు. స్థలాలు మార్చుకొని ఇంకో అరగంట ఆడారు. ఏది ఏదో ఇద్దరికీ తెలియలేదు. ఒకడు ఊరుకోలేక టేపు పీకబోయాడు. ఆయన వాడి చెయ్యి పట్టుకొని, “అంకె ఆడ్తదా, నువ్వాడ్తవా?” అన్నాడు. ఆ మాట నేను మేడ్చల్ అంతా చెప్పుకొని తిరిగాను.

అట్లని ఎప్పుడూ చవకదే అంటగట్టేవాడు అనుకోవద్దు. పెళ్లి వీడియోలు కలిపి ఇచ్చే ఒక అమ్మ వచ్చింది. కూర్చున్న పది నిమిషాలకే, దుప్పటి తీయకముందే, ఇది ఉరుకుతాంది, అది గుంజుతాంది అని తేల్చింది. సరిగ్గా చెప్పింది. ఆమె చేతిలో ఉన్న పైసలకు చిన్నదే వస్తుంది. ఆయన చిన్నది అమ్మలేదు. “రెండు నెలలు ఆగు తల్లీ, పెద్దదే తీస్కో. నీ పనికి గిది కావాలె” అని ఖాళీ చేతులతో పంపించాడు. వచ్చిన బేరం వెనక్కి పంపే దుకాణదారుని నేను అంతకుముందు చూడలేదు. తర్వాత కూడా చూడలేదు, నా దుకాణంలోనైతే అసలే చూడలేదు.

ఒక్క కట్టుబాటు మాత్రం కచ్చితంగా పాటించేవాడు. దుప్పటి తీసేటప్పుడు గదిలో ఇద్దరే ఉండాలి, కొనేవాడూ ఆయనా. వెంట వచ్చినవాళ్లు, స్నేహితులు, నేను, అందరం కిందికి దిగాల్సిందే. తలుపు దగ్గరికి వేసేవాడు. ఎందుకట్లా అని ఒకసారి మెట్ల మీద సద్ది తింటుంటే అడిగాను. చాలాసేపు నమిలి అప్పుడు చెప్పాడు.

“మనిషి తన తప్పు సూస్కునేటప్పుడు పక్కన ఎవ్వరుండొద్దు తమ్మీ. ఒక్కడే ఉంటే ఒప్పుకుంటడు. నలుగురుంటే, పైసలు పోతే పోనీ అని పెద్దదే కొంటడు.”

బౌరంపేట్‌లో కొత్తగా బడి కట్టిన పెద్దమనిషికి ఆ దుకాణం సంగతి చెప్పింది నేనే. ఆయన బడికి టైల్స్ నా ట్రాలీలో పోయాయి, అట్లా మాట కలిసింది. పుణ్యం అక్కడిదాకా నాదే. భూములున్న ఇల్లు, ఇప్పుడు ప్లాట్లు, కొంచెం రాజకీయం. అందరూ అన్నా అంటారు. పిల్లల కంప్యూటర్ గదికి కావలసినవన్నీ ఒకేచోట కొంటానన్నాడు.

ఆ బేరం సార్‌కు ఎంత అవసరమో నాకు తెలుసు. మొబైళ్ల దుకాణంవాడు ఎవడో ఎక్కువ అడ్వాన్సు ఇస్తానన్నాడని, ఇంటి ఓనరు ఆ గదిని ఖాళీ చేయమంటున్నాడు. అంత అడ్వాన్సు తనే కడితే గది నిలుస్తుంది. “గిది గాకపోతే గది పోతది” అని, కిటికీ వైపు చూస్తూ, ఒకే ఒక్కసారి అన్నాడు. ఆయన నోట సొంత కష్టం అంతకంటే పొడుగ్గా ఎప్పుడూ రాలేదు.

అందుకే నేను బతిమాలాను. సార్, ఈయనకు దుప్పటి పరీక్ష పెట్టకు, ఖరీదైనవే కావాలంటున్నడు, పేరెంట్స్‌కు చూపించుకోవడానికి అద్దాల డబ్బాలు, రంగు లైట్లు అడుగుతున్నడు, అడిగినవి ఇచ్చెయ్ అన్నాను. ఆయన వేళ్ల మీద లెక్క చెప్పాడు. అన్న ఇస్తానన్న పైసలకు పెద్దవైతే ఇరవై వస్తాయి, చిన్నవైతే ముప్పై. పిల్లలు చేసేది టైపింగు, బొమ్మలు గీసుడు, చిన్న చిన్న ప్రోగ్రాములు.

“వాటి మీద కూసునేది ఆయన గాదు గదా తమ్మీ” అన్నాడు.

అన్న నలుగురు మనుషులతో వచ్చాడు. సార్ సంగతి చెప్పి, దుప్పటి చూపించాడు. అన్నకు తమాషాగా అనిపించింది. తాను భూమి మీద చెప్పుల్లేకుండా నిలబడితే చాలు, కింద నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో చెబుతాననీ, తన ముందు దుప్పటి ఎంత అనీ నవ్వాడు. రెండింటి ముందూ కూర్చున్నాడు. పిల్లలు చేసే పనులు చేశాడు, వెంటవచ్చినవాళ్లు పెట్టమన్న కారు పందెం ఆట ఆడాడు. ఇంతలో సార్ మమ్మల్నందర్నీ కిందికి పొమ్మన్నాడు. నలుగురూ దిగి చాయ్ తాగుతున్నారు.

నేను సగం మెట్ల దగ్గర ఆగిపోయాను. బేరం తెచ్చిందే నేను, నన్ను కూడా పొమ్మనడమేంది అనే పొగరు. రెండు మెట్లు ఎక్కి, తలుపు సందులోంచి చూశాను. అన్న కుడి డబ్బా మీద అరచెయ్యి వేసి, ఇదే, దీని ముందు అది ఎడ్లబండి అంటున్నాడు. సార్ దుప్పటి తీశాడు. కుడి దాంట్లో ఉన్నది చవకది.

అన్న ముఖంలో కోపం లేదు. నిజం చెబుతున్నాను. వింత చూసిన పిల్లవాడిలా రెండు డబ్బాల వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. ఇంకో నిమిషం అట్లా వదిలేస్తే, మంచిదే అయింది, ముప్పై పంపించు అని ఉండేవాడు. నేను ఆ నిమిషం వదల్లేదు.

“అన్నా, గీడ బోరేస్తే రాయి పడ్డట్టుంది” అన్నాను.

కింద నలుగురికీ వినబడింది. ముందు నేను నవ్వాను, తర్వాత వాళ్లు నవ్వారు. మెట్లంతా నవ్వే. చికెన్ సెంటర్‌లో కత్తి చప్పుడు కూడా ఆగింది. అన్న లేచి నిలబడి, గుమ్మం బయట చెప్పులు తొడుక్కున్నాడు. సార్ వైపు తిరిగి, “మావోళ్ల ముంగట నన్ను ఆట పట్టిస్తివి” అన్నాడు.

“లేదన్నా” అన్నాడు సార్.

అంతకుమించి ఒక్క మాట అనలేదు. వాడు ట్రాలీ నడిపేటోడన్నా, వాని మాటకేమున్నది అని నన్ను చూపిస్తే చాలు. రెండు దెబ్బలు నాకు పడేవి, బేరం ఆయనకు మిగిలేది. కనీసం నా వైపు చూడను కూడా లేదు. అన్న బండ్లు సందు దాటి పోయాయి. తర్వాత ఇంకెక్కడో ఖరీదైనవే కొన్నాడనీ, ఇరవయ్యే వచ్చాయనీ, కొన్నింటి ముందు పిల్లలు ఇద్దరిద్దరు కూర్చుంటారనీ విన్నాను.

తిట్లకు తయారై గుమ్మంలో నిలబడ్డాను. ఆయన దుప్పటి కొసకు కొస కలిపి మడిచాడు. సరిగ్గా రాలేదని విప్పి మళ్లీ మడిచాడు. “మెట్లకాడ చాయ్ గ్లాసులున్నయి, ఇచ్చిరాపో” అన్నాడు.

నెల తిరక్కముందే గది ఖాళీ చేశాడు. సామాను శామీర్‌పేటలోని ఇంటికి నా ట్రాలీలోనే తీసుకుపోయాం. ముందు నా పక్కన కూర్చోమంటే కూర్చోలేదు. వెనక డబ్బాల మధ్య, రెండు చేతులూ చెరో డబ్బా మీద వేసి, గుంతలొచ్చినప్పుడల్లా వాటిని అదుముకుంటూ వచ్చాడు. దారి పొడుగునా అద్దంలో నాకు ఆయన నడినెత్తే కనబడింది. నేను ఆ రోజు ఒక్క జోకూ వెయ్యలేదు. వేసి ఉంటే నయమేమో, కనీసం అది అయ్యేదాకా ఆయన ఎప్పట్లాగే ఆగేవాడు.

ఇంటి వరండానే దుకాణమయింది. బోర్డు లేదు. కొత్తవి జోడించుకునేవాళ్లు అంత లోపలికి ఎందుకు వస్తారు? రిపేర్లే ఎక్కువ వచ్చేవి. కొన్నేళ్లకు నేను ట్రాలీ అమ్మేసి ఫ్లెక్సీ దుకాణం పెడదామనుకున్నప్పుడు కంప్యూటర్ కోసం ఆయన దగ్గరికే పోయాను. అన్నిటికంటే పెద్ద ప్రాసెసర్ కావాలన్నాను. పని లేనప్పుడు ఆటలు కూడా ఆడతానన్నాను. “పనే లేకపోతే ఆటలెందుకు, దుకాణం బంద్ జెయ్యి” అన్నాడు. జోకో కాదో ఇప్పటికీ తెలియదు. తర్వాత నా భాషలోనే చెప్పాడు. రెండు ట్రాలీలున్నాయనుకో, ఒకటి ఖాళీగా మస్తు ఉరుకుతది, ఇంకోటి ఎంత లోడు వేసినా అదే నడక నడుస్తది, నీకు రోజూ ఉండేది లోడా, ఖాళీనా? పది అడుగుల ఫ్లెక్సీ ఫైళ్లు రెండింటి మీదా తెరిపించాడు. నేను చూపించింది లోడు మోసేదాన్నే. దుప్పటి తీస్తే ధర తక్కువదీ అదే.

ఆ వరండాలో అప్పుడు మేమిద్దరమే ఉన్నాం. ఇదే సమయమనుకున్నాను. సార్, ఆనాడు బౌరంపేట్ అన్న ముందు నేను అని మొదలుపెట్టాను. నాకు జోడిస్తున్న డబ్బాకని ఆయన చేతిలో ప్రాసెసర్ ఉంది. “ఊపిరి బిగవట్టు” అన్నాడు. బిగబట్టాను. బిళ్ల కూర్చుంది, ఇద్దరం వదిలాం. నేను మళ్లీ నోరు తెరిచేలోపల, దుమ్ము పడకుండా ఎట్లా చూసుకోవాలో చెప్పడం మొదలుపెట్టాడు. మాట వినిపించుకోకుండా ఉండటానికి అంత మర్యాదైన దారి ఇంకెవరికీ తోచదు. ఆ తర్వాత నేను కూడా ఆ మాట ఎత్తలేదు. ఆయన మరిచిపోయాడని నాకు నేనే చెప్పుకున్నాను.

ఒక పొద్దున ఛాతీలో నొప్పన్నాడు, ఆసుపత్రికి పోయేలోపలే పోయాడు.

పదకొండో రోజు వాళ్లింటికి పోయాను. ఇంటి ముందు టెంటు వేశారు, లోపల పంక్తులు నడుస్తున్నాయి. వరండాలో ఆయన పని చేసిన మూలన ఆయన భార్య, నేను అక్కా అంటాను, కూర్చొని ఉంది. ఇన్నేళ్లూ నేను వచ్చినప్పుడు చాయ్ పెట్టి ఇవ్వడమే తప్ప ఆమె నాతో పెద్దగా మాట్లాడింది లేదు. ఆ రోజు కూర్చోమంది. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలన్నట్టు చెప్పుకుంటూ పోయింది. మంచోడే గాని, మేడ్చల్‌లో దుకాణం నిలబడే ఒక్క బేరం వస్తే చేతులారా చెడగొట్టుకున్నాడంది. బడి కట్టిన పెద్దమనిషి ముఖం మీదే సార్ నవ్వాడట. ఆపుకోలేకపోయిన అని ఇంటికొచ్చి ఆయనే చెప్పాడట.

నాకు కాళ్ల కింద గచ్చు చల్లగా తగిలింది.

“పెండ్లైనకాడికెల్లి ఇంట్ల ఒక్కనాడు పండ్లు కనబడేటట్టు నవ్వలే తమ్మీ. గా ఒక్కనాడే నవ్వాల్నా అని అడిగిన. ఎన్నిసార్లడిగిన్నో. కూర సల్లారినా గదే అడిగిన, కరెంటు బిల్లొచ్చినా గదే అడిగిన. ఒక్కసారి జవాబు చెప్పలే.”

ఊరుకోవచ్చు. ఆయనే తన మీద వేసుకున్న మాట. చూసినవాళ్లెవరూ ఈ ఇంటికి రారు. ఆయన దాచిపెట్టిందాన్ని నేను బయటపెట్టడం న్యాయమేనా అని కూడా ఒక సాకు దొరికింది. కాని ఆమె ఆ మూలనే కూర్చొని, ఆయన మీద లేని తప్పును ఇంకా చేతిలో పట్టుకొని ఉంది. నేను లేచి పోతే అది ఆమెతోనే ఉండిపోతుంది.

“నవ్వింది నేనక్కా” అన్నాను. తలుపు సందు, బోరు మాట, మెట్ల మీద నవ్వులు, అంతా చెప్పాను. నా బతుకులో నేను చెప్పిన సంగతుల్లో ఎవరూ నవ్వనిది అదొక్కటే.

టెంటులో ఎవరో పప్పు వడ్డించమని కేకేస్తున్నారు.

“ఆయన నవ్వలేదా?” అంది.

“లేదక్కా.”

“కొంచెమన్న?”

“లేదక్కా.”

ఆమె కొంగు తీసి ముఖమంతా ఒకసారి తుడుచుకుంది. నేను ఉండబట్టలేక, నన్ను తిట్టక్కా, నీకు ఎన్ని వస్తే అన్ని తిట్టు అన్నాను.

“నీకు తిట్లేం మిగిలినయి తమ్మీ” అంది. “ఉన్నయన్ని ఆయనకే ఒడిసిపాయె.”